ఆఖరి చిత్రం చూడకుండానే వెళ్లిపోయిన గూడవల్లి రామబ్రహ్మం



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరగానే నాకు స్ఫురించిన పేరు గూడవల్లి రామబ్రహ్మంగారిది. నేను సినిమా పండితుణ్ణి కాను. జీవితమంతా ఫైళ్లలో నోట్లు రాసి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసి, కాట్రేనికోనలో కాలక్షేపం చేస్తున్న డెబ్భై అయిదేళ్లవాణ్ణి. అయినా ఆయన గురించి రాయాలనిపించడానికి ఒక కారణముంది. ఆయన ఆఖరి చిత్రం కథకూ, మా ఇంటి కథకూ ఒక కోడిపుంజు ముడివేసింది. అది చివర చెబుతాను.

రామబ్రహ్మంగారు 1902లో కృష్ణాజిల్లా నందమూరులో జన్మించారు. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికా రచయిత. ప్రజామిత్ర పత్రికకు సంపాదకులు. సంఘం బాగుపడాలన్న తపన ఆయనకు కలంతోనే మొదలైంది. అక్షరం రాని జనానికి పత్రిక చేరదు, బొమ్మ చేరుతుంది. ఆయన చిత్రాలు చూస్తే ఈ సంగతి ఆయన బాగా గ్రహించారని తెలుస్తుంది. అప్పటికి తెలుగు టాకీ పుట్టి నాలుగైదేళ్లయింది. వచ్చిన చిత్రాల్లో ఎక్కువ భాగం పౌరాణికాలే.

చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ గారి అండతో ఏర్పడిన సారథి సంస్థ ద్వారా ఆయన 1938లో మాలపిల్ల తీశారు. కథ చలంగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి. కాంచనమాల నాయిక. అగ్రహారపు యువకుడు హరిజన యువతిని ప్రేమించడం, హరిజనులు గుడి ప్రవేశం కోరడం అందులోని విషయం. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది 1939లో. అంటే చట్టం కంటే ముందే సినిమా వచ్చిందన్నమాట. మా కోనసీమలో చెరువు, రేవు, నుయ్యి కూడా కులాలవారీగా ఉన్న కాలం అది. ఆ రోజుల్లో ఇటువంటి బొమ్మ తీయడానికి ఎంత గుండె కావాలో మన వయసువారికి వేరే చెప్పనక్కరలేదు.

మరుసటి సంవత్సరం రైతుబిడ్డ తీశారు. బళ్లారి రాఘవగారు అందులో ప్రధాన పాత్రధారి. కొసరాజుగారు పాటలు రాశారు. జమీందారీ గ్రామాల్లో రైతు పడే పాట్లు అందులో చూపించారు. కొందరు జమీందార్లకు అది గిట్టలేదు. అభ్యంతరాలు లేచి కొన్నిచోట్ల ప్రదర్శనపై నిషేధం పడింది. ఇందులో విచిత్రమేమంటే, ఆ చిత్రం తీసిన సంస్థకు అండగా నిలిచిన చల్లపల్లి రాజావారూ జమీందారే! మన రెవిన్యూ మిత్రులకు కంఠతా వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. ఇక్కడ కూడా రామబ్రహ్మంగారు ఫైలు కదలకముందే నోటు రాసినట్టు లెక్క.

ఆ తరువాత ఇల్లాలు, అపవాదు, పత్ని, పంతులమ్మ, 1945లో మాయాలోకం తీశారు. అక్కినేని నాగేశ్వరరావుగారు కొత్తగా పైకి వస్తున్న రోజుల్లో మాయాలోకంలో నటించారు. ఆ యువకుణ్ణే రామబ్రహ్మంగారు తన తరువాతి చిత్రంలో బాలచంద్రుణ్ణి చేశారు. అదే పల్నాటి యుద్ధం. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావుగారు, నాగమ్మగా కన్నాంబగారు. రచన సముద్రాల రాఘవాచార్యులుగారిది.

పల్నాటి కథ మనందరికీ తెలిసిందే. శ్రీనాథుని పేర ద్విపద కావ్యంగానూ, వీరవిద్యావంతుల నోటి పాటగానూ ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ కథ మనదాకా వచ్చింది. దాయాదులు గురజాల, మాచర్లలుగా విడిపోతారు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు వలస పోతారు. గడువు తీరాక రాయబారానికి వెళ్లిన అలరాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అతనికి విషం పెడతారు. ఆపైన కారెంపూడిలో యుద్ధం.

ఈ కథలో నన్ను పట్టి కుదిపేది కత్తియుద్ధాలు కావు. అన్ని కులాలవారినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు యుద్ధం వద్దంటాడు. ఆయన కొడుకు బాలచంద్రుడు యుద్ధమే కావాలంటాడు. అలరాజు చావుకు బదులు అడగకపోతే అన్యాయానికి తలవంచినట్టు, అడిగితే సొంతవాళ్లనే చంపుకోవాలి. ఏది ధర్మం? బాలచంద్రుని తమ్ముళ్లుగా మెలగినవారిలో బ్రాహ్మణుడైన అనపోతు ఒకడు. అతని ప్రాణం కాపాడాలని బాలచంద్రుడు ఉపాయంగా వెనక్కి పంపేస్తాడు. యుద్ధానికి తనను దూరం చేశారని తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. మంచికి చేసిన పని కూడా చావుకే దారితీసింది. చివరికి గెలిచినవాడెవడు? అంతా అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు.

మాలపిల్ల తీసిన మనిషికి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కాని చిత్రం సగంలో ఉండగా రామబ్రహ్మంగారి ఆరోగ్యం చెడింది. 1946లో, నలభై నాలుగేళ్లకే కన్నుమూశారు. మిగతా భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేయగా 1947లో విడుదలైంది. ఈ దేశంలో అన్నదమ్ముల్లా ఉన్నవారు రెండుగా చీలి నెత్తురు పారించిన సంవత్సరం కూడా అదే.

ఇక మా ఇంటి సంగతి. సంక్రాంతి వస్తే మా కోనసీమలో బరులు ఎలా ఉంటాయో తెలియనివారు లేరు. నా చిన్నతనంలో ఒక భోగినాడు మా నాన్నగారి డేగకూ, మా పెదనాన్నగారి కాకికీ పందెం పడింది. కత్తి జారిందని ఒకరు, జారలేదని ఒకరు. మాట మాట పెరిగింది. ఆ రోజునుంచి ఒకే చేలగట్టుకు అటూ ఇటూ ఉన్న రెండిళ్ల మధ్య మాటలు లేవు. పెద్దమ్మ పంపిన అరిసెల పళ్లెం మా గుమ్మంలోంచే తిరిగి వెళ్లింది.

1966లో గుత్తా రామినీడుగారి దర్శకత్వంలో రామారావుగారు, భానుమతిగారు నటించిన రెండో పల్నాటి యుద్ధం వచ్చింది. నేను ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతున్నాను. నాన్నగారు నన్ను అమలాపురం తీసుకెళ్లి చూపించారు. పాత చిత్రాన్ని ఆయన తన కుర్రతనంలో అన్నగారితో కలిసి చూశారట. తిరుగుదారిలో ఆ ఒక్క మాట చెప్పి, ఇల్లు చేరేదాకా మళ్లీ నోరు విప్పలేదు. ఆ మరుసటి సంక్రాంతికి ఆయన బరికి వెళ్లలేదు. ఆ తరువాతా వెళ్లలేదు. అన్నగారి గుమ్మం మాత్రం తొక్కలేకపోయారు. పెదనాన్నగారు మంచం పట్టాక వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నారు. అప్పటికి పెదనాన్నగారికి మాట పడిపోయింది.

ఈమధ్య మా మనవడు ఫోనులో పాత పల్నాటి యుద్ధం పెట్టి చూపించాడు. చూస్తున్నంతసేపూ నాకు నాన్నగారే కళ్లముందున్నారు. పేర్లు పడినప్పుడు రామబ్రహ్మం ఎవరు తాతయ్యా అని వాడు అడిగాడు. ఈ వ్యాసం వాడికి నా జవాబు.

పింఛను లెక్కలు, బకాయిల తగువులు మనకు ఎలాగూ ఉంటాయి. మన ఈడు వారిలో అన్నదమ్ములతో, తోటి ఉద్యోగులతో ఏళ్ల తరబడి మాటలు మానేసినవారు కొందరైనా ఉంటారు. వారు ఈ సంక్రాంతికి ముందే ఒకసారి ఆ గుమ్మం తొక్కాలని నా మనవి. అవతలివారికి మాట ఉండగానే వెళ్లడం మంచిది.

రామబ్రహ్మంగారి స్మృతికి నా నమస్సులు.

— ఒక విశ్రాంత ఉద్యోగి, కాట్రేనికోన