శ్రీ భోగరాజు పట్టాభి సీతారామయ్య పంతులుగారు

పట్టాభి సీతారామయ్య పంతులుగారి పేరు వినగనే పెక్కుమందికి 1939 సంవత్సరపు త్రిపురి కాంగ్రెసు ఎన్నిక జ్ఞప్తికి వచ్చును. సుభాసచంద్ర బోసుగారికి 1580 వోట్లును, పంతులుగారికి 1377 వోట్లును వచ్చుటయు, ఆ పరాజయమును గాంధీమహాత్ముడు పంతులుగారి దానికంటె తనదిగానే యెంచుటయు జగద్విదితములు. ఆ రాజకీయ కథను చరిత్రకారులు తగినంత వ్రాసియున్నారు. మచిలీబందరున కూర్చుండి పరుల సొమ్మునకు కాపుగాచిన వర్తకులుగా పంతులుగారిని స్మరించువారు మాత్రము తక్కువ. ఈ సంచికలో ఆ భాగమునే ముఖ్యముగ చెప్పదలచితిమి.

పంతులుగారు 1880 నవంబరు 24వ తేదీన, ఏలూరునకు చేరువనున్న గుండుగొలను గ్రామమున నియోగి కుటుంబమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యముగారు గ్రామ కరణము. కుమారునకు నాలుగైదేండ్ల ప్రాయముననే ఆయన కాలధర్మము నొందిరి. సంపాదించువాడు పోయిన యింట పిల్లలు పెరుగుట యెంత కష్టమో మన కుటుంబములలో పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. పేదరికముతో పెనగులాడుచునే పంతులుగారు ఏలూరులో చదివి, చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టమంది, పిమ్మట వైద్యవిద్య నభ్యసించి ఎం.బి.సి.ఎం. పట్టమును గూడ పొందిరి.

వైద్యవృత్తికై వారు మచిలీపట్టణమును ఎన్నుకొనిరి. ఆ పట్టణము అప్పటికే తన పూర్వవైభవమును కోలుపోయియుండెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ ప్రాంతమున ముప్పదివేల ప్రాణములు పోయినట్లు చెప్పుదురు. రేవు వ్యాపారమును నానాటికి క్షీణించెను. మరణము చెప్పిరాదని ఆ యూరివారికి ఒకరు బోధింపవలసిన పనిలేదు. అట్టి యూరిలో వైద్యునిగా పంతులుగారికి మంచి పేరు వచ్చినది. అయినను కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారలతో గూడి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినది మొదలు ఆయన మనస్సు దేశకార్యమువైపు మొగ్గినది. కొలదియేండ్లలో వృత్తినే వదలుకొనిరి. రాబడిగల వృత్తిని నడివయస్సున విడుచుట గృహస్థునకు సామాన్యమైన సాహసము కాదు.

1915లో కృష్ణా సహకార కేంద్రబ్యాంకును స్థాపించిరి. చల్లపల్లి రాజాగారి ధనసహాయముతో ఆంధ్రా బ్యాంకును స్థాపింపగా, అది లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో 1923 నవంబరు 28వ తేదీన పని ప్రారంభించెను. (ఆ బ్యాంకు 1980లో జాతీయము కాబడి, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. పేరు మాసిపోయెనని బాధపడిన తెలుగువారిలో మేమును ఒకరము.)

తరువాత 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ వెలసెను. బ్యాంకు కంటె ఇది కష్టతరమైన పని యని మా యభిప్రాయము. బ్యాంకులో సొమ్ము దాచుకొన్నవాడు కావలసినపుడు తానే వచ్చి తీసికొనును. భీమాలో సొమ్ము కట్టినవాడు పెక్కుసారులు దానిని చూడడు. అతని భార్యయో, బిడ్డలో చూతురు. ఆ దినములలో ఆయుస్సునకు వెలకట్టుట అశుభమను శంక గృహములలో బలముగ నుండెను. మరియు 1870లో బొంబాయి మ్యూచువల్ సంఘము పుట్టువరకు మనదేశీయుల ప్రాణములకు విదేశీయ కంపెనీలు అధికపు రేటు విధించుచుండెడివి. అట్లు చెల్లించిన సొమ్మును సముద్రములు దాటిపోయెడిది. స్వదేశోద్యమ కాలమున మనవారు పెట్టిన చిన్న కంపెనీలు కొన్ని లెక్క తెలియక కూలిపోయెను. అందువలననే 1912లో ప్రభుత్వము చట్టము చేసి, ప్రీమియము పట్టికలను గణకులచే ధ్రువపరుపవలెనని నిర్బంధించెను.

ఏ మనుష్యుడు ఎన్నడు మరణించునో ఎవ్వరును చెప్పజాలరు. కాని వేలకొలది మనుష్యులలో ఏటేట ఎందరు మరణింతురో అంచనా కట్టవచ్చును. భీమా యంతయు ఈ లెక్కమీదనే నిలిచియుండును. ఈ వ్యాపారమున నేడు పెట్టెలో చేరిన ప్రీమియము ఆదాయమువలె కనబడునే కాని యథార్థమునకు అది ఋణము. ఇరువది ముప్పదియేండ్లకు తీర్పవలసిన ఆ ఋణమును లాభమని భ్రమించిన కంపెనీలే మునిగినవి. రోగి నాడి పట్టి ఆయుర్దాయమును ఊహింపనేర్చిన వైద్యుడు, పితృహీనుడై పెరిగిన కుమారుడు, ఈ రెంటి యనుభవమును గలవా రగుటచేత పంతులుగారికి ఈ వ్యాపారమర్మము సహజముగనే బోధపడియుండునని మే మనుకొందుము. 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ ఐడియల్ అను మరియొక భీమా కంపెనీని వారు స్థాపించిరి.

పంతులుగారు మన శాఖవారికై ప్రత్యేకముగ చేసినదేమి యని అడుగువారు మన మహాసభలలో ఉన్నారు. ప్రశ్న సహజమైనదే. వారి సంస్థల పేర్లు చూడుడు: కృష్ణా, ఆంధ్ర, భారతలక్ష్మి, హిందూస్థాన్. ఒక్కదానికైనను కులము పేరు లేదు. భీమా వ్యాపారమునకు అట్లుండుటయే క్షేమము. ఒక్క శాఖవారి ప్రాణములు మాత్రమే వ్రాసికొన్న కంపెనీలో లెక్క కుదురుటకు తగినంత జనము చేరదు. ఆయన మనవారగుట మనకు గర్వకారణము. ఆయన సొమ్ము దాచినది మాత్రము అందరిదియు.

సంస్థాపకుడు తరచుగ కారాగృహమున నుండుట ఈ సంస్థలకు వచ్చిన కఠినపరీక్ష. 1930 ఉప్పుసత్యాగ్రహమునాడు జైలునకు పోయిరి. 1942 ఆగస్టులో బొంబాయిలో నిర్బంధింపబడి, దాదాపు మూడేండ్లు, ముఖ్యముగ అహమ్మదునగరపు కోటలో గడపిరి. కంపెనీలు మాత్రము ఆగలేదు. యజమానుడు కదిలినంత మాత్రమున కదలిపోవు దుకాణములను మనము చాల చూచియున్నాము గనుక, దీనిని చిన్న సంగతిగా తలపరాదు.

1948లో జయపుర కాంగ్రెసునకు అధ్యక్షులై, 1952 మొదలు 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి. వారు ఆ పదవియందు నాగపురమున నుండగనే, 1956 జనవరి 19వ తేదీన కేంద్రప్రభుత్వము జీవితభీమా వ్యాపారమును స్వాధీనము చేసికొనెను. దేశీయ కంపెనీలు 154, విదేశీయములు 16, ప్రావిడెంటు సంఘములు 75, వెరసి 245 సంస్థల జీవితభీమా సెప్టెంబరు 1వ తేదీన జీవితభీమా కార్పొరేషనులో చేరిపోయెను. ముప్పదియేండ్లు పెంచిన ఆంధ్ర కంపెనీ జీవితభీమాయు అందులో కలిసెను. ఏ ప్రభుత్వ పక్షమున గవర్నరు పీఠమున కూర్చుండిరో, ఆ ప్రభుత్వమే ఆయన కంపెనీ పనిని తీసికొనుట విధివిలాసము.

పంతులుగారు 1959 డిసెంబరు 17వ తేదీన హైదరాబాదున పరమపదించిరి. ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ వ్రాసియిచ్చిన జీవితభీమా పాలసీల బాధ్యత చట్టప్రకారము కార్పొరేషనునకు సంక్రమించినందున, గడువు తీరని పాలసీలు ఆయన వెళ్లిన పిమ్మటను నడచుచుండెను.