మోకాళ్ళ ముడుపున అన్నమయ్య

పదకవితా పితామహులని ఆంధ్రలోకము కొనియాడు తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408వ సంవత్సరమున వైశాఖ పూర్ణిమనాడు జన్మించిరి. రాజంపేటకు చేరువనున్న తాళ్ళపాక వారి స్వగ్రామము. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ, ఇలవేలుపు చెన్నకేశవస్వామి. వారి జీవితమును గూర్చి నేడు మనము చెప్పుకొనునది చాలవరకు వారి మనుమడు చిన్నన్న రచించిన ద్విపద చరిత్ర వలన తెలిసినదే. అందు రాజసభలు గలవు, మహిమలు గలవు. కాని యాత్రికుల మనస్సును పట్టి నిలుపునది, దారి తెలియని ఒక బాలుడు కొండ నెక్కిన ఘట్టమే.

ఉమ్మడి కుటుంబములో పనిపాటలు తప్పవు. పాటలు పాడుకొనుచు కాలము గడుపుచున్నాడని మందలించి, పశువులకు గడ్డి కోసి తెమ్మని ఇంటివారు అన్నమయ్యను అడవికి పంపిరి. కొడవలి తగిలి చిటికెనవ్రేలు తెగెను. నెత్తురు చూచిన ఆ పిల్లవానికి, తనకు నిజమైన బంధువెవ్వరను ప్రశ్న కలిగెను. అంతలో గోవిందనామము పాడుచు తిరుపతి యాత్రికుల గుంపొకటి ఆ దారిన పోవుచుండగా, కొడవలిని అక్కడనే విడిచి వారిని కలిసికొనెను. ఇంటికి కబురైనను చెప్పలేదు. కొడుకు రాకకై ఎదురుచూచిన లక్కమాంబ ఆ సాయంకాలమెట్లు గడిపినదో తల్లులే ఊహింపగలరు.

మామండూరు అడవుల మీదుగా తిరుమల చేరు కాలిబాటను ఆ సీమవారు అన్నమయ్య మార్గమని పిలిచెదరు. చిన్నన్న చెప్పిన దారి మాత్రము అలిపిరి దారియే. తిరుపతిలో గ్రామదేవత గంగమ్మకు మ్రొక్కి, అలిపిరిలో నృసింహుని సేవించి, తలయేరు గుండు దాటి అన్నమయ్య పైకి సాగెను. ఆ గుండునకు తలను, మోకాళ్ళను తాకించి నొప్పులు లేకుండ కొండ నెక్కవలెనని నేటికిని భక్తులు వేడుకొందురు. అటుపై మోకాళ్ళ ముడుపు. నిటారైన చోటు. శేషాద్రిని పాదములతో త్రొక్కుటకు వెరచి భగవద్రామానుజులు మోకాళ్ళపై ఎక్కిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు.

ఆ సంగతి బాలునకు తెలియదు. పాదరక్షలతోనే ఎక్కెను. ఆకలి మిక్కుటమయ్యెను, కాళ్ళు సాగలేదు, కన్నులు చీకట్లు క్రమ్మెను. వెదురు పొద నీడలో ఒక బండపై ఒరిగి నిద్రపోయెను. అప్పుడు అలమేలుమంగ పెద్దముత్తయిదువ వలె దర్శనమిచ్చి, ఈ కొండ సాలగ్రామమయమని, చెప్పులు విడిచిన దారి కనబడునని తెలిపి, ప్రసాదము తినిపించెను. మేల్కాంచిన అన్నమయ్య ఆమెపై అక్కడికక్కడ వేంకటేశ్వర మకుటముతో శతకము చెప్పెను.

స్వామికంటె ముందు అమ్మ ఎదురువచ్చుటను శ్రీవైష్ణవులు పురుషకారమందురు. ఈ తత్త్వమును ఆచార్యులు గ్రంథములలో విస్తరించి చెప్పియున్నారు. కాని అన్నమయ్యకు అది చదువుగా గాక అన్నముగా అందెను. అదియు స్వామి సన్నిధిలో గాదు, తన బలము చాలని చోట, తెలియక తప్పు చేయుచున్న వేళ. తప్పును చెప్పినది అమ్మయే, ఆకలి తీర్చినదియు అమ్మయే.

పిదప పుష్కరిణిలో స్నానమాడి, వరాహస్వామిని సేవించి, అన్నమయ్య ఆనందనిలయుని దర్శించెను. ఘనవిష్ణువను వైష్ణవయతి ఆయనకు పంచసంస్కారములు గావించిరి. పదునారవ యేట, అనగా 1424లో, స్వామి ప్రత్యక్షమైన నాటినుండి సంకీర్తనలు వెలువడినట్లు రాగిరేకులు పలుకుచున్నవి. తల్లి వెదకికొనుచు కొండకు రాగా ఇల్లు చేరి, తిమ్మక్కను, అక్కలమ్మను వివాహమాడి, అహోబిలములో ఆదివన్ శఠగోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించిరి. సాళువ నరసింహరాయలు తనపై గూడ పదము చెప్పుమని కోరినపుడు, హరిని పాడు నోట నరుని పాడనని నిరాకరించి సంకెళ్ళ పాలైరి. స్వామిని శరణు వేడగా ఆ సంకెళ్ళు ఊడిపడెనని చరిత్ర చెప్పుచున్నది. చెప్పిన సంకీర్తనలు 32 వేలందురు, మిగిలినవి అందు సగమునకు తక్కువ. అవియైనను దక్కుట రాగిరేకుల చలువ.

1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు ఆచార్యులు పరమపదించిరి. 1978లో నెలకొన్న తిరుమల తిరుపతి దేవస్థానముల అన్నమాచార్య ప్రాజెక్టు ఆ వర్ధంతికి అలిపిరిలో మెట్లోత్సవము జరుపును. వేకువనే కళాకారులు, భజన బృందములు, గృహస్థులు పాదాల మండపము వద్ద చేరుదురు. ముత్తయిదువలు మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుదురు. మోకాళ్ళనొప్పితో గూడిన ముదుసలులును ఆ వరుసలో నుందురు. ఆ మండపములోనే స్వామి పాదుకలను తలపై నుంచుకొని ప్రదక్షిణము చేయు ఆచారము గలదు. తమ చెప్పులు క్రింద విడిచి, స్వామి పాదుకలను శిరసున దాల్చి, అన్నమయ్య పదము నెత్తుకొని వారు మొదటి మెట్టుపై అడుగిడుదురు.