బాబాసాహెబ్‌కు దొరకని బండి

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి 108కి ఫోన్ చేసేవాళ్లను గుర్తు చెప్పమంటే, మేము విన్నంతలో, ఎక్కువగా చెప్పేవి రెండే: చర్చి, లేదంటే అంబేడ్కర్ బొమ్మ. ఊరికి రామాలయం గుర్తు, పల్లెకు బాబాసాహెబ్ గుర్తు. పల్లె అంటే ఇక్కడ మాలపల్లె, మాదిగపల్లె అనే అర్థమని డెల్టా వాళ్లకు చెప్పక్కర్లేదు. అత్యవసర వైద్యం మీద పరిశోధన కోసం ఈ మూడు పట్టణాల మధ్య తిరుగుతున్న మాకు, అంబులెన్సుకు దారి చూపిస్తున్న ఆయన జీవితాన్ని బండ్ల వైపు నుంచి మళ్లీ చదవాలనిపించింది.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన భీమ్‌రావ్‌కు ఆ పాఠం తొమ్మిదేళ్లకే మొదలైంది. 1901 వేసవిలో, సతారాకు దూరంగా చెరువు పనుల దగ్గర క్యాషియరుగా ఉన్న తండ్రి రామ్‌జీ దగ్గరికి పిల్లలంతా రైల్లో బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగారు. మంచి బట్టల్లో ఉన్న పిల్లలను చూసి మొదట ఆదరంగా మాట్లాడిన స్టేషన్ మాస్టరు, మహర్లమని చెప్పగానే వెనక్కి తగ్గాడు. ఎడ్లబండ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకునే షరతు మీద. అతను పక్కన నడిచాడు. రాత్రంతా దాహానికి చుక్క నీళ్లు దొరకలేదు. మూటలో అన్నం ఉండి కూడా పస్తు పడుకున్నారు.

ఆ తర్వాత బొంబాయిలో బీఏ, కొలంబియా, లండన్ చదువులు. ఆ డిగ్రీల జాబితా అందరికీ తెలిసిందే. అవన్నీ ముగిశాక జరిగిన సంగతి మాకు ముఖ్యం.

1929లో అంటరానివాళ్ల కష్టాలు విచారించేందుకు బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో ఆయన సభ్యులు. ధూలియా నుంచి తిరిగొస్తూ చాలీస్‌గావ్‌లో దిగారు. మహర్‌వాడకు తీసుకెళ్లడానికి ఒక్క టాంగావాలా ముందుకు రాలేదు. వాడవాళ్లు బండి మటుకు కిరాయికి తెచ్చి, తోలడం రాని తమ మనిషినే పగ్గాలు పట్టుకోమన్నారు. తమ అతిథిని నడిపించడం వాళ్లకు చిన్నతనంగా తోచింది. వాడ ముందు ఏటి కల్వర్టు మీద రాళ్ల సందులో చక్రం ఇరుక్కుంది. ఆయన రాళ్ల మీద పడి స్పృహ తప్పారు, కాలు విరిగింది. గుర్రం, బండి ఏట్లో పడ్డాయి. బారిస్టరు అయినా, ప్రభుత్వ కమిటీ సభ్యుడైనా, తోలడం వచ్చినవాడు ఆయన్ని ఎక్కించుకోలేదు. బండి ఉందా అన్నదొక్కటే లెక్కపెట్టే మా చదువులో ఇదొక పెద్ద లోటు.

ఈ రెండు సంఘటనలూ ఆయన రాసుకున్న చిన్న జ్ఞాపకాల పుస్తకంలో ఉన్నాయి. అందులోనే కాఠియావాడ్ సంగతి కూడా ఉంది. 1929 డిసెంబరులో పత్రికకెక్కిన ఒక అంటరాని బడిపంతులు ఉత్తరాన్ని ఆయన అక్కడ భద్రపరిచారు. పంతులు భార్య ప్రసవమై రెండు రోజులకు జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు రెండు రూపాయల ఫీజుకు పూచీ పడ్డాక వచ్చాడు గానీ, వాడ బయటే చూస్తానన్నాడు. పచ్చి బాలింతను బయటికి మోసుకొచ్చారు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆ చేతి నుంచి భర్తకు, భర్త నుంచి ఆమెకు. మళ్లీ అదే వరసలో వెనక్కి. ముట్టుకోకుండానే న్యుమోనియా అని చెప్పి, మందు పంపాడు. మళ్లీ రమ్మంటే రాలేదు. ఆమె చనిపోయింది.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ బాబాసాహెబ్ చేతిలో ఉంది. కార్మికులకు ఆరోగ్య బీమా కోసం అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టానికి పునాది అదే. రాజ్యాంగం మాటున ఈ పని కనబడకుండా పోతుంది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో నిద్రలోనే కన్నుమూస్తే, ఆయన్ని బొంబాయికి విమానంలో తీసుకొచ్చారు. చాలీస్‌గావ్‌లో బండి దొరకని మనిషి వెంట ఆ రోజు లక్షలమంది నడిచారు.

మన దగ్గర 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 కొత్త బండ్లను రోడ్డెక్కించారు. బండి పల్లెలోకి వస్తోంది, కులం అడగకుండా ఎక్కించుకుంటోంది. ఇది చిన్న మార్పు కాదు. కానీ రేపల్లె నుంచి తెనాలి, తెనాలి నుంచి గుంటూరు పెద్దాసుపత్రి అని రోగిని పంపుతూ పోతుంటే, పోయే ప్రతి నిమిషమూ ప్రాణం మీదికే.

మా నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాం: ఫోన్ ఎప్పుడు చేశారు, బండి ఎప్పుడు వచ్చింది, డాక్టరు రోగి మీద చెయ్యి ఎప్పుడు వేశారు. కాఠియావాడ్ పంతులు ఉత్తరం చదివాకే ఆ మూడో గడి గీశాం. దాన్ని నింపడానికి ఆసుపత్రి రిజిస్టరు కంటే ముందు రోగి వెంట వచ్చినవాళ్లనే అడుగుతున్నాం.