యాత్ర మానిన అన్నదాత

మండపేటలో 1841లో జన్మించిన సీతమ్మగారు లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారి ఇల్లాలైరి. గోదావరి లంకలలోని ఆ గ్రామమునకు వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతము, కులమడుగక, ఆమె వండి వడ్డించెడివారు. ఒకమారు అంతర్వేది యాత్రకు బయలుదేరి, ఆకలిగొన్న ప్రయాణికులు తన యింటికే వచ్చుచున్నారని త్రోవలో విని, దర్శనము మాని వెనుదిరిగిరని ప్రతీతి.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903లో ఢిల్లీలో మహాదర్బారు జరిగెను. ఆ చక్రవర్తి వేడుకకు పిలుపు వచ్చినను ఆమె పొయ్యి విడిచి వెళ్లలేదని చెప్పుదురు.

1909లో ఆమె కన్నుమూసిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచియుండగా దేవుని వెదకుటకు దూరము పోనక్కరలేదని ఆ జీవితము మనకు బోధించుచున్నది.