విశ్వదాత వినయము

మన నెల్లిమర్ల జనపనార మిల్లు కార్మికుల ఇండ్లలోను, పలాస జీడిపప్పు కర్మాగారాలలో పనిచేసే స్త్రీల ఇండ్లలోను గోడగూటిలో అమృతాంజనం సీసాను మేము ఎన్నోసార్లు చూచియున్నాము. ఆ లేపనాన్ని సృష్టించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు అడిగితే మాత్రం మా తరగతిలో ఒకరిద్దరు తప్ప చెప్పలేకపోయారు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. బందరులో చదివి, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలనుండి పట్టభద్రులై, ఉపాధికై కలకత్తాకు, పిదప బొంబాయికి వెళ్లారు. అక్కడ ఔషధ వ్యాపారంలోని మెలకువలు గ్రహించి 1893లో అమృతాంజనాన్ని వెలువరించారు. సంగీత సభలలో శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టేవారట. ఇది దానమని మేము అనము. అలా అంటే ఆయన వర్తక ప్రతిభను తక్కువచేసినవారమౌతాము. అది అచ్చమైన వ్యాపార బుద్ధి, అందులోను నిశితమైనది.

ఇటువంటి బుద్ధికి ఐశ్వర్యం తోడైనప్పుడే ప్రమాదమున్నది. ఖారూన్ కథ మన విద్యార్థులలో పెక్కుమంది ఎరిగినదే. అతని ఖజానా తాళపుచెవులు మోయడమే బలాఢ్యులకు భారమయ్యేది. ఆ సంపద యావత్తూ తన విజ్ఞానంవల్లనే వచ్చిందని అతడు విర్రవీగాడు, చివరకు ఇంటితోసహా భూమిలోనికి కుంగిపోయాడు. పంతులుగారికీ అట్లనుకొనడానికి కావలసినంత ఆధారమున్నది. అయినా ఆయన తన లాభాన్ని లాభంరాని పనులలో పోశారు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసుకు తరలించి దినపత్రికగా నడిపారు. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలువడ్డాయి. మంచి పుస్తకాలను సామాన్యునికి అందే వెలకు ఇచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో మరణించగా, వారు తలపెట్టిన విజ్ఞాన సర్వస్వాన్ని తమ భుజాన వేసుకున్నారు. ఇతరుడు ఆరంభించిన పనిని పూర్తిచేయడానికి ధనవంతుడు పూనుకోవడం అరుదు. ధనవంతునికి తన పేరుతో మొదలయ్యే పనియే ముద్దు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు దీనిని వివేకంలేని పెట్టుబడి అనవచ్చును. కాదనము.

ఉప్పు సత్యాగ్రహంలో చెరసాలకు వెళ్లి, అక్కడ భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసుకున్నారు. దేశోద్ధారకుడని, విశ్వదాత అని లోకం పిలిచింది. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదు నిచ్చింది.

అయితే మా దృష్టిలో అసలు పరీక్ష 1937 నవంబరు 16న, మద్రాసులోని ఆయన గృహం శ్రీబాగ్‌లో జరిగింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడితే విద్యలోను, ధనంలోను ముందున్న కోస్తావారు తమను అణగద్రొక్కుతారని రాయలసీమ నాయకులు శంకించారు. ఆ శంక నిరాధారం కాదు. తెలివిగలవాడు, కలిగినవాడు ఎదుటివాని భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం సులభం. శ్రీబాగ్‌లో అది జరుగలేదు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, పదేండ్లపాటు నీటిపారుదలలో సీమకు ప్రాధాన్యం, శాసనసభలో జిల్లాలకు సమాన స్థానాలు అంగీకరించారు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో ముందుగా కోరుకొనే హక్కును రాయలసీమకే విడిచారు. ఆ మాటలన్నీ తరువాతివారు నిలబెట్టుకున్నారా అన్నది వేరే వివాదం. వెనుకబాటు అనే మాట వింటూ పెరిగిన శ్రీకాకుళం, విజయనగరం వారికి ఆ శంకలోని బాధ వేరుగా వివరించనక్కరలేదు.

ఒడంబడిక కుదిరిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు రాజధాని కర్నూలుకు వెళ్లింది.