క్షతగాత్రుల లేఖకుడు వాల్ట్ విట్మన్

వచన కవిత్వమంటే అభిరుచి గల తెలుగువారికి వాల్ట్ విట్మన్ పేరు క్రొత్త కాదు. ఆ అమెరికా మహాకవి కవిత్వాన్ని విమర్శించే పాండిత్యం మాకు లేదు. ఆ పని కాలేజీ ఆచార్యులు చేయగలరు. యుద్ధకాలంలో ఆయన ఆసుపత్రులలో కాగితమూ పెన్సిలూ పట్టుకొని చేసిన సేవను గురించి మాత్రం ఈ ఉగాది సంచికలో విన్నవింపదలచాము.

విట్మన్ 1819 మే 31న న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలండులో ఒక వడ్రంగి ఇంట జన్మించారు. పదకొండో ఏటనే బడి మానారు. వకీలు గారి ఆఫీసులో కుర్రవానిగా, అచ్చుకూటంలో అక్షరాలు కూర్చేవానిగా, పల్లెటూరి పంతులుగా, పత్రికా సంపాదకునిగా కాలం గడిపారు. 1855లో ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ అనే పన్నెండు కవితల పుస్తకాన్ని సొంత ఖర్చుతో అచ్చొత్తించి, జీవితాంతం దానినే పెంచుతూ పోయారు.

బానిసత్వ విషయమై 1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం రేగింది. తమ్ముడు జార్జి ఉత్తర సైన్యంలో చేరాడు. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గు యుద్ధంలో గాయపడినవారి జాబితా పత్రికలో పడగా, అందులో తమ్ముని పేరును పోలిన పేరొకటి కనబడింది. విట్మన్ వెంటనే బయలుదేరారు. ఫిలడెల్ఫియాలో రైలు మారేటప్పుడు ఎవడో జేబు కొట్టేశాడు. (ఈ బెడద ఆనాడూ ఉన్నదన్నమాట!) తీరా శిబిరం చేరితే తమ్మునికి చెంపమీద స్వల్ప గాయమే. కాని ఆసుపత్రిగా మార్చిన ఒక భవంతి ముందు, చెట్టు క్రింద, కోసి పారవేసిన కాళ్ళూ చేతులూ కుప్పగా పడి ఉన్నాయి. తమ్ముణ్ణి చూచి పోదామని వచ్చిన మనిషి మరి ఇల్లు చేరలేదు. క్షతగాత్రులతోపాటు వాషింగ్టన్ వెళ్ళి అక్కడే ఉండిపోయారు.

పొట్ట గడవడానికి సైన్యపు జీతాల ఆఫీసులో రోజుకు కొన్ని గంటలు నకళ్ళు వ్రాసే పని దొరికింది. మా బోటి గుమాస్తా పనే! మిగిలిన కాలమంతా ఆసుపత్రులలోనే. భుజాన సంచి, అందులో నారింజ పండ్లు, పొగాకు, కాగితాలు, తపాలా బిళ్ళలంటించిన కవర్లు. చేయి పోయినవారికీ, చదువు రానివారికీ ఉత్తరాలు వ్రాసిపెట్టేవారు. కాగితాలు మడిచి గుండుసూది గ్రుచ్చి చిన్న చిన్న పుస్తకాలు తానే తయారు చేసుకొన్నారు. అటువంటివి నలభై దాకా అయినాయి. వార్డు, మంచం నెంబరు, పేరు, ఊరు, పటాలం, గాయం, ఎవరికేమి తినాలని ఉన్నదో, అంతా వాటిలో ఎక్కించేవారు.

ఆయన వ్రాసిపెట్టిన కథ ఒకటి చెబుతాము. ఫ్రెడరిక్స్‌బర్గు దగ్గర దెబ్బతిన్న ఒక సిపాయి రెండు పగళ్ళు, రెండు రాత్రులు యుద్ధభూమిలోనే కదలలేక పడి ఉన్నాడట. శత్రు సైనికుడొకడు వచ్చి గాయాలకు కట్లు కట్టి, బిస్కత్తులిచ్చి, నీళ్ళలో కలిపిన విస్కీ త్రాగించి వెళ్ళాడట. ఏ జనరల్ గారి నివేదికలో ఇది కనబడుతుంది? అసలు యుద్ధం గ్రంథాలకెక్కదని విట్మన్ దిగులు పడ్డది ఇందుకే.

న్యూయార్కు 141వ పటాలంలో ఎరాస్టస్ హాస్కెల్ అనే కుర్రవాడు పిల్లనగ్రోవి వాయించేవాడు. 1863లో సన్నిపాత జ్వరంతో మంచమెక్కాడు. పిల్లనగ్రోవిని పక్కనే చిన్న బల్లమీద ఉంచుకొని, నయమైన తరువాత వాయించి వినిపిస్తానని, ఇంకా బాగా రాదనీ చెప్పాడు. ఆగస్టు 2న మరణించాడు. విట్మన్ అతని తల్లిదండ్రులకు ఈ సంగతులన్నీ పేరుపేరునా వ్రాశారు. ప్రభుత్వం వారికి మరణవార్త పంపగలదు గాని, పిల్లనగ్రోవి మాట పంపగలదా?

మన బెంగుళూరులో మద్రాసు సాపర్ల కేంద్రం ఉండడంవల్ల, పింఛను పుచ్చుకొనే తెలుగు హవల్దార్లూ సుబేదార్లూ మన పేటలలో ఉన్నారు. 1971 యుద్ధానికి నూనూగు మీసాలతో వెళ్ళినవారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. పండుగనాడు శాలువ కప్పి ముందు వరుసలో కూర్చోబెడతాము. ఉపన్యాసం మాత్రం మనమే చేస్తాము. ఇంటినుంచి వచ్చిన ఉత్తరం తమకెవరు చదివిపెట్టేవారండీ అని అడగడానికి మాలో ఎవరికీ తీరిక లేదు.

తాను ఆరువందలసార్లకు పైగా ఆసుపత్రులకు వెళ్ళానని, ఎనభైవేలనుంచి లక్ష మందిదాకా రోగులను పలకరించానని విట్మన్ లెక్క చెప్పుకొన్నారు. వారిలో దక్షిణాది సైనికులూ ఉన్నారు. యుద్ధం ముగిసిన 1865లోనే, ఆయన కవిత్వం నచ్చని మంత్రి హార్లన్ గుమాస్తా ఉద్యోగం ఊడగొట్టాడు. స్నేహితులు పూనుకొని మరొక ఆఫీసులో వేయించారు. 1873లో పక్షవాతం వచ్చింది. అయినా పాత పుస్తకాలు ముందు వేసుకొని, యుద్ధకాలపు జ్ఞాపికలను 1875లో సొంతంగా కొద్ది ప్రతులు అచ్చు వేయించారు. 1892 మార్చి 26న కామ్‌డెన్ పట్టణంలో కన్నుమూశారు.

ఆ చేతివ్రాత పుస్తకాలలో కొన్ని 1918లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి చేరాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంచేత భద్రంగా ఉంటాయని వేరేచోటికి తరలించగా, 1944లో తిరిగి వచ్చిన పెట్టెలలో పది పుస్తకాలు కనిపించలేదు. యాభై ఏళ్ళ తరువాత, 1995లో, న్యూయార్కులోని ఒక వేలం కంపెనీకి ఎవరో నాలుగు పుస్తకాలు తెచ్చారు. అవి గ్రంథాలయానికి తిరిగి చేరాయి. ఆ నాలుగింటిలో ఒకటి ఆసుపత్రి పుస్తకం.