దీపం పక్కన పెట్టాక

చేతిలో దీపంతో సైనికుల మధ్య తిరిగిన నర్సమ్మగానే ఫ్లోరెన్స్ నైటింగేల్ మనకు తెలుసు. ఆ యుద్ధసేవ రెండేళ్లు కూడా లేదు! దేవుని పిలుపు పదహారేళ్లకే విన్నా, ఇంటివారి వ్యతిరేకత వల్ల శిక్షణకు 1851 దాకా ఆగాల్సి వచ్చింది. క్రిమియా నుండి 1856లో జబ్బుతో తిరిగొచ్చి, చాలాకాలం మంచం మీద నుండే పనిచేశారు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె నర్సుల శిక్షణాలయం మొదలైంది. అక్కడ నేర్చుకున్న ఆగ్నెస్ జోన్స్ లివర్‌పూల్‌లో నిరుపేదల ఆసుపత్రిని చక్కదిద్ది, 1868లో టైఫస్ సోకి ప్రభువునందు నిద్రించింది.

మనదేశం ఎన్నడూ చూడకపోయినా, కరువు తీరాలంటే కాలువలు తవ్వాలని కాటన్ దొర పక్షాన అధికారులతో పోరాడారు నైటింగేల్. గోదావరి నీళ్లు తాగే మన సంఘాల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు? 1910లో మరణించిన ఆమె సమాధి రాతి మీద పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, తేదీలు మాత్రమే.